కెమెరా అందరిదీ.. యాంటెన్నా ఒక్కరిదేనా?

"బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి బోలెడు డబ్బు పోసి ఐఫోన్ కొన్నాడు. మెట్రో గేటు దగ్గర మాత్రం పర్సులోంచి కార్డు తీస్తాడు. కార్డు తాకించే చోట ఫోనే తాకించొచ్చుగా అంటే, 'ఇక్కడ అది పని చెయ్యదు నాన్నా' అంటాడు. ఎందుకు చెయ్యదు? డబ్బు పెట్టి కొన్న ఫోన్ మనది కాదా?" ఇదీ ఒక తండ్రి ప్రశ్న.

ఫోన్ మీవాడిదే. అందులో చెల్లింపులకు పనికొచ్చే ఒక చిన్న యాంటెన్నా తాళం మాత్రం తయారీ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఆ తాళం అందరికీ ఇవ్వాలా వద్దా అని దాదాపు పదేళ్ళుగా ఆస్ట్రేలియా నుంచి యూరప్ దాకా తగువు నడుస్తోంది. మన దగ్గర ఆ తగువు ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. కంపెనీని తిట్టి ఊరుకుంటే జవాబు సగమే అవుతుంది. ఇందులో మెట్రో గేటుకూ వాటా ఉంది, చవక ఫోన్లకూ ఉంది, యూపీఐ సాధించిన విజయానికీ ఉంది. తిలాపాపం తలా పిడికెడు. అందుకే మొదటినుంచీ చెప్పుకొద్దాం.

అసలు తాకిస్తే డబ్బు ఎలా వెళ్తుంది?

కార్డో ఫోనో మెషిన్‌కి మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి వస్తే రెండూ మాట్లాడుకునే పద్ధతిని ఎన్‌ఎఫ్‌సీ అంటారు. మెషిన్‌లో ఉన్న తీగచుట్ట 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. ఆ క్షేత్రంలోకి రాగానే కార్డు లోపలి తీగచుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది, దాంతోనే చిప్ మేలుకుంటుంది. "రూపేవా? వీసావా?" అని మెషిన్ అడుగుతుంది. చిప్ తానెవరో చెప్పి, ఆ ఒక్క లావాదేవీకే చెల్లే ఒక రహస్య సంకేతాన్ని అక్కడికక్కడే లెక్కగట్టి ఇస్తుంది. దారిలో ఎవడైనా ఆ సంకేతాన్ని నకలు తీసుకున్నా రెండోసారికి అది చెల్లదు. ఇదంతా అర సెకను పని.

ఫోన్ ఈ జవాబు చెప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది సెక్యూర్ ఎలిమెంట్. ఇది ఫోన్‌లోనే ఉండే ఓ ప్రత్యేక చిప్, లేదా చిప్‌లో గట్టిగా మూసేసిన ఓ భాగం. రహస్య తాళాలన్నీ అందులోనే ఉంటాయి. ఫోన్‌లోని మామూలు యాప్‌లు అందులోకి తొంగి చూడలేవు. రెండోదాన్ని హెచ్‌సీఈ అంటారు. ఇందులో యాప్ తానే కార్డునని మెషిన్‌కి జవాబు చెబుతుంది. రహస్యాలు బ్యాంకు సర్వర్‌లో భద్రంగా ఉంటాయి, కొద్ది వాడకానికి సరిపడా తాళాలు మాత్రం ఎప్పటికప్పుడు ఫోన్‌కి దిగుతుంటాయి. సాధారణ కార్డు చెల్లింపులకు ఈ రెండో దారి చాలు. ఈ తేడా గుర్తుంచుకోండి, మెట్రో దగ్గరికి వచ్చేసరికి ఇదే అసలు విషయమవుతుంది.

ఈ తాళం కథ యాపిల్‌తో మొదలు కాలేదు. 2011లో అమెరికాలో గూగుల్ తన వాలెట్ తెచ్చినప్పుడు సెక్యూర్ ఎలిమెంట్ మీద పెత్తనం టెలికాం కంపెనీలది. వాళ్ళు సొంతంగా ఇంకో వాలెట్ పెట్టుకోబోతున్నారు కాబట్టి గూగుల్‌కి దారి ఇవ్వలేదు. ఆ వాలెట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు ఐసిస్. పాపం, ఒక ఉగ్రవాద సంస్థ పేరూ అదే కావడంతో 2014లో ఆ పేరు మార్చుకోక తప్పలేదు. ఈలోగా గూగుల్ 2013లో ఆండ్రాయిడ్ 4.4తో పాటు హెచ్‌సీఈని తెచ్చింది. సెక్యూర్ ఎలిమెంట్ జోలికి పోకుండానే ఏ యాప్ అయినా కార్డులా జవాబు చెప్పే వీలు వచ్చింది. తాళం అవతలివాళ్ళ చేతిలో ఉన్నన్నాళ్ళూ గూగుల్‌కి తలుపులు తెరిచి ఉండడమే న్యాయంగా తోచింది. వ్యాపారంలో న్యాయం చాలాసార్లు ఇలాగే పుడుతుంది. దాని ఫలితం మనకు మంచిదైతే ఏ ఉద్దేశంతో పుట్టిందన్నది నాకు పట్టింపు లేదు.

మరి ఐఫోన్‌లో ఏం జరిగింది?

2014లో ఐఫోన్ 6తో యాపిల్ ఎన్‌ఎఫ్‌సీ పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో యాపిల్ పే మొదలైంది. ఆ రోజు నుంచి దుకాణంలో మెషిన్‌కి జవాబు చెప్పే హక్కు యాపిల్ పేకే ఉండిపోయింది. బ్యాంకు యాప్ అయినా ఇంకో వాలెట్ అయినా ఆ దారికి రాకూడదు. 2017లో ఎన్‌ఎఫ్‌సీ ట్యాగులు చదువుకోవడానికి బయటి యాప్‌లకు అనుమతి ఇచ్చారు గానీ, చెల్లింపు కార్డుల తాలూకు కోడ్‌లను అందులోంచి మినహాయించారు.

ఇప్పుడు ఇండియా సంగతి. 2025 ముగిసేనాటికి కూడా యాపిల్ పే మన దేశానికి రాలేదు. బయటి యాప్‌లకు ఎన్‌ఎఫ్‌సీనీ సెక్యూర్ ఎలిమెంట్‌నీ ఇస్తామని 2024 ఆగస్టులో యాపిల్ ప్రకటించింది. అప్పటి జాబితాలో ఏడు దేశాలున్నాయి: అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్. అందులో మనం లేము. అంటే ఇక్కడ కంపెనీ సొంత వాలెట్ రాలేదు, ఇంకొకరి వాలెట్‌కీ దారి లేదు. ఫ్లాట్ మీకు రిజిస్టర్ చేసిచ్చిన బిల్డరు, వెనక గేటు తాళం తన దగ్గరే పెట్టుకుని, తనూ ఆ గేటు వాడకుండా, పాలవాణ్ణీ రానివ్వకుండా కూర్చుంటే ఎలా ఉంటుంది? మీవాడి ఫోన్ వెనకున్న తీగచుట్ట పరిస్థితి అదే. తమాషా ఏమిటంటే, ఐఫోన్లు ఇప్పుడు బెంగళూరు పక్కనే, దేవనహళ్ళి ఫాక్స్‌కాన్ ప్లాంటులో తయారవుతున్నాయి. 2025 సెప్టెంబరు 2న హెబ్బాళ దగ్గరి మాల్‌లో యాపిల్ సొంత దుకాణం కూడా తెరిచింది. తయారీ ఇక్కడ, అమ్మకం ఇక్కడ, ట్యాప్ మాత్రం ఇంకెక్కడో.

అయినా బెంగళూరులో అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు కదా?

అవును. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే వాదన అక్కడే ఉంది.

ఏ దర్శినికైనా, అంటే నిలబడి తినే చిన్న హోటల్‌కైనా, వెళ్ళండి. కౌంటర్ మీద రెండు మూడు క్యూఆర్ స్టిక్కర్లు, వాటి పక్కన ఒక సౌండ్‌బాక్స్. మీరు స్కాన్ చేసి ఇడ్లీ వడ డబ్బు కట్టగానే ఆ పెట్టె కన్నడంలో "అరవత్తు రూపాయి" అని అరుస్తుంది. క్యాషియర్ తలెత్తి కూడా చూడడు, చెయ్యి చాపి టోకెన్ ఇచ్చేస్తాడు. కట్టినవాడి చేతిలో ఏడు వేల ఫోన్ ఉందా, లక్ష ఫోన్ ఉందా అన్నది ఎవరికీ అక్కర్లేదు. క్యూఆర్ చదవడానికి కావలసింది కెమెరా ఒక్కటే. కెమెరాని వాడుకోవడానికి ఏ యాపూ తయారీ కంపెనీతో ఒప్పందం రాసుకోనక్కర్లేదు, లావాదేవీకి ఇంతని వాటా ఇవ్వనక్కర్లేదు. మీరు "అనుమతించు" అని నొక్కితే చాలు.

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. బెంగళూరు కంపెనీ ఫోన్‌పే అంతకు కొద్ది నెలల ముందే, 2015 డిసెంబరులో పుట్టింది. 2016 ఆగస్టులో యూపీఐ యాప్ తెచ్చింది. ఇవాళ దేశంలో అందరికన్నా ఎక్కువ యూపీఐ చెల్లింపులు దాని మీదే జరుగుతున్నాయి. ఒక్క క్షణం ఊహించండి. 2016లో ఫోన్ కంపెనీలు "చెల్లింపుల కోసం కెమెరా వాడే హక్కు మా సొంత యాప్‌కే" అని ఉంటే? ఔటర్ రింగ్ రోడ్డు మీద బెళ్ళందూరులో కూర్చున్న ఆ కుర్ర కంపెనీ ఏ అమెరికా ఆఫీసు గడపలోనో అర్జీ పెట్టుకుని నిలబడేది. యూపీఐ లావాదేవీలు 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. వాటిలో క్యూఆర్ మీద నడిచినవన్నీ, ఎవరూ తాళం వెయ్యని ఆ కెమెరా పుణ్యమే.

మైకూ స్పీకరూ కూడా అంతే. బెంగళూరులోనే టోన్‌ట్యాగ్ అనే కంపెనీ శబ్ద తరంగాలతో చెల్లింపులు చేయించే పద్ధతిని తయారుచేసింది. ఎన్‌ఎఫ్‌సీ లేని ఫోన్ ఉంటుందేమో గానీ, మైకు లేని ఫోన్ ఉండదు కదా అన్నది దాని తర్కం. 2017లో గూగుల్ తన చెల్లింపుల యాప్‌ని తేజ్ పేరుతో ఇండియాలో విడుదల చేసినప్పుడు కూడా పక్కపక్కనున్న రెండు ఫోన్లు శబ్దంతో ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఏర్పాటు పెట్టింది. తాళం వేసిన తలుపు ఎదురైనప్పుడు మనవాళ్ళు కిటికీలు వెతుక్కున్నారు, దొరికాయి కూడా.

(క్యూఆర్‌కి వచ్చిన కష్టం వేరే రకం. 2025 జూలైలో బెంగళూరు చిన్న వర్తకులకు యూపీఐ రాబడి లెక్కల ఆధారంగా జీఎస్‌టీ నోటీసులు వచ్చాయి. రాత్రికి రాత్రి కొన్ని కొట్ల మీద స్టిక్కర్లు మాయమై "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" కాగితాలు వెలిశాయి. అది పన్నుల గొడవ. టెక్నాలజీ అందరికీ తెరిచి ఉన్నంత మాత్రాన జనానికి దాని మీద నమ్మకం నిలబడిపోదని మాత్రం దాన్ని చూశాక అర్థమైంది.)

క్యూఆర్‌తో ఇంత బాగా నడుస్తుంటే ఇక ట్యాప్ ఎందుకు?

మెట్రో గేటు కోసం. సాయంత్రం ఆరున్నరకు మెజెస్టిక్ స్టేషన్‌లో ఏదో ఒక గేటు పక్కన నిలబడి చూడండి. కార్డు ఉన్నవాళ్ళు నడక ఆపకుండా అలా తాకించి ఇలా వెళ్ళిపోతుంటారు. ఇంతలో క్యూఆర్ టికెట్ ఉన్నాయన వస్తాడు. వాట్సాప్ తెరుస్తాడు, ఆఫీసు గ్రూపులో వచ్చిన ముప్పై మెసేజ్‌ల కింద టికెట్ వెతుకుతాడు, స్క్రీన్ వెలుగు పెంచుతాడు, ఫోన్ బోర్లించి అద్దం మీద పెడతాడు. అద్దానికి నచ్చదు. కాస్త పైకెత్తి మళ్ళీ పెడతాడు. వెనక పది మంది. కొట్లో ఇడ్లీకి నాలుగు సెకన్లు పడితే ఎవరికీ నష్టం లేదు. గేటు దగ్గర అవే నాలుగు సెకన్లు క్యూని మెట్ల దాకా లాక్కుపోతాయి. జపాన్ రైల్వేలు 2001లో సుయికా కార్డు తెచ్చినప్పుడు తాకిడి సెకనులో ఐదో వంతులో అయిపోవాలని పట్టుబట్టింది ఇందుకే. ఆ కార్డు 2006లోనే అక్కడి ఫోన్లలోకి, 2016లో ఐఫోన్ 7లోకి ఎక్కింది.

బెంగళూరు మెట్రో, అంటే నమ్మ మెట్రో, 2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్ళి, ఎంజీ రోడ్డు మధ్య మొదలైంది. 2022 నవంబరు 1 నుంచి వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్లు ఇస్తోంది. 2023 మార్చిలో, వైట్‌ఫీల్డ్ వైపు లైను తెరిచిన రోజుల్లోనే, ఎన్‌సీఎంసీ కార్డు వచ్చింది. ఇది ఏ ఊరి మెట్రోలోనైనా చెల్లాలని 2019 మార్చిలో కేంద్రం తెచ్చిన రూపే కార్డు. మీవాడు పర్సులోంచి తీసేది ఇదో, మెట్రో సొంత స్మార్ట్ కార్డో అయి ఉంటుంది.

ఇక్కడే మెట్రో వాటా కూడా చెప్పాలి. రేపు పొద్దున్నే ఐఫోన్ యాంటెన్నా అందరికీ తెరిచేసినా మీవాడు గేటుకి ఫోన్ తాకించలేడు. ఎందుకంటే ఆ గేటు మామూలు బ్యాంకు కార్డుని తీసుకోదు. దానికి తెలిసిన కార్డులు రెండే, సొంత స్మార్ట్ కార్డు, ఎన్‌సీఎంసీ. లండన్ మెట్రోలో మీ బ్యాంకు కార్డే టికెట్. ఇక్కడ అలా కాదు. కాబట్టి ఫోన్‌లోకి ఎన్‌సీఎంసీ ఎక్కాలి. అది ఎక్కాలంటే ఇందాక గుర్తుంచుకోమన్న తేడా అడ్డొస్తుంది. ఎన్‌సీఎంసీలో డబ్బు చిప్‌లోనే ఉంటుంది, 2,000 రూపాయల దాకా. గేటు బ్యాంకుని అడగదు, చిప్‌లోంచే కోసుకుంటుంది. అందుకే అంత వేగం. అలా డబ్బునే దాచుకునే వస్తువుని మామూలు యాప్‌లో, అంటే హెచ్‌సీఈ మీద, నడపడం ప్రమాదం. నిల్వకి నకలు తీస్తే ఒకే వంద రూపాయలు పదిసార్లు ఖర్చుపెట్టొచ్చు. దానికి సెక్యూర్ ఎలిమెంటే కావాలి. దాని తాళం ఐఫోన్‌లో యాపిల్ దగ్గర ఉంటే, ఆండ్రాయిడ్‌లో శాంసంగ్ లాంటి తయారీదారు దగ్గర ఉంటుంది. "ఆండ్రాయిడ్ తెరిచే ఉంది" అనే మాట హెచ్‌సీఈ వరకే నిజం.

రీఛార్జ్ బాధ కూడా ఈ తాళంతో ముడిపడిందే. ఎన్‌సీఎంసీకి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టినా అది చిప్‌లోకి ఎక్కాలంటే కార్డుని ఎక్కడో తాకించాలి. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కొన్ని యాప్‌లలో కార్డుని ఫోన్ వెనక ఆనించి ఇంట్లోనే ఆ పని కానివ్వొచ్చు. చెల్లింపు కార్డుల కోడ్‌లను యాప్‌లకు ఇవ్వని ఐఫోన్‌తో ఆ పని కాదు, స్టేషన్‌లో మెషిన్ దగ్గర నిలబడాలి.

యాపిల్ ఎందుకు ఇవ్వనంటోంది?

పైకి చెప్పే కారణం భద్రత. చెప్పని కారణం డబ్బు. రెండిటినీ విడివిడిగా చూడాలి, రెండోది ఉందని మొదటిది అబద్ధమైపోదు.

డబ్బు సంగతి ముందు. అమెరికాలో క్రెడిట్ కార్డుతో యాపిల్ పే వాడిన ప్రతిసారీ కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి యాపిల్ 0.15 శాతం తీసుకుంటుందని 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద వేసిన దావాలో ఉంది. వందకి పదిహేను పైసలు. చిన్న మొత్తంలా ఉంటుంది గానీ, యూరప్‌లో క్రెడిట్ కార్డు మీద బ్యాంకుకి దక్కే ఇంటర్‌చేంజ్ రుసుముకే చట్టం 0.3 శాతం గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ లెక్కన అది సగం.

ఇక మన దగ్గర? 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీదా, రూపే డెబిట్ కార్డుల మీదా వర్తకుడి దగ్గర రుసుము సున్నా. అరవై రూపాయల ఇడ్లీ వడ మీద ఎవరికీ ఏమీ మిగలదు, ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం తప్ప. అలాంటి చోట ఫోన్ కంపెనీ తొమ్మిది పైసలు అడిగితే ఎవరివ్వాలి? వర్తకుడి దగ్గర తీసుకోకూడదు, కొనేవాడు ఇవ్వడు, బ్యాంకు చేతి డబ్బు పెట్టదు. యూపీఐ ఉన్న దేశంలో యాపిల్ పే ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరే ఆగిపోవడానికి ఈ సున్నా పెద్ద కారణమని నా అంచనా. రిజర్వ్ బ్యాంకు అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ 2023 సెప్టెంబరులో విడుదల చేసిన యూపీఐ లైట్ ఎక్స్ చూడండి. నెట్ లేకపోయినా రెండు ఫోన్లను ఆనించి చిన్న మొత్తాలు పంపుకునే ఏర్పాటది. అది పూర్తిగా ఎన్‌ఎఫ్‌సీ మీదే నడుస్తుంది. సిగ్నల్ లేని పల్లెలో, వరదలో టవర్లు పడిపోయిన ఊళ్ళో ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు. లావాదేవీకి వాటా అడిగే తలుపులోంచి అలాంటి సేవ దూరలేదు.

భద్రత సంగతి మాత్రం కొట్టిపారేసేది కాదు. 2024 ఆగస్టులో ఈసెట్ అనే భద్రతా సంస్థ చెక్ రిపబ్లిక్‌లో ఎన్‌గేట్ అనే దొంగ యాప్‌ని బయటపెట్టింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాన్ని వేయిస్తారు. తర్వాత "మీ కార్డుని ఫోన్ వెనక ఆనించి పిన్ కొట్టండి" అంటారు. ఫోన్‌లోని ఎన్‌ఎఫ్‌సీ కార్డుతో మాట్లాడిన ప్రతి మాటా ఆ క్షణంలోనే నెట్ ద్వారా దొంగ చేతిలోని ఇంకో ఫోన్‌కి చేరుతుంది. వాడు ఆ ఫోన్‌ని ఏటీఎంకి ఆనించి డబ్బు తీసుకుంటాడు. ఒక్కసారికే చెల్లే సంకేతం దొంగిలించి లాభం లేదన్నాను కదా. ఇక్కడ దాచుకుని తర్వాత వాడేది ఏమీ లేదు, కార్డు జవాబుని అప్పటికప్పుడే ఇంకో ఊళ్ళో చెప్పిస్తున్నారు. యాంటెన్నా ఏ యాప్‌కైనా దొరకడం వల్ల వచ్చిన ముప్పు ఇది, దాన్ని దాచిపెట్టి "తెరిచెయ్యండి" అంటే మోసమవుతుంది.

అయితే ఇందులోంచి వచ్చే పాఠం ఎవరికి తాళం ఇవ్వాలన్న దాని గురించి. ముక్కూమొహం తెలియని యాప్‌కీ, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకుకీ ఒకే తలుపు, ఒకే అనుమతి అక్కర్లేదు.

మిగతా దేశాలు ఏం తేల్చాయి?

ఆస్ట్రేలియాలో యాపిల్ గెలిచింది. 2016లో కామన్‌వెల్త్ బ్యాంక్ సహా నాలుగు బ్యాంకులు, అందరం కలిసి యాపిల్‌తో బేరమాడతాం, అనుమతి ఇవ్వండి అని అక్కడి పోటీ కమిషన్‌ని అడిగాయి. 2017 మార్చి 31న కమిషన్ కాదంది. ఈ రంగం ఇంకా పసిది, ఇప్పుడే ఎన్‌ఎఫ్‌సీ వైపు బలవంతంగా తిప్పితే వేరే పద్ధతులు ఎదగకుండా పోవచ్చు అన్నది దాని వాదన. అప్పటికి ఆ మాట సబబే అనిపిస్తుంది, ఇండియాలో క్యూఆర్ ఎదగడమే దానికి సాక్ష్యం. కానీ ఏడేళ్ళ తర్వాత యాపిల్ తనంతట తాను తలుపు తెరిచిన దేశాల్లో ఆస్ట్రేలియా కూడా ఉంది.

తలుపు తెరవాల్సిందేనని జర్మనీ 2019లో చట్టమే చేసింది. యూరోపియన్ కమిషన్ 2020 జూన్‌లో దర్యాప్తు మొదలుపెట్టి, 2022లో ఆరోపణ పత్రం ఇచ్చి, 2024 జూలై 11న యాపిల్ ఇచ్చిన హామీలకు ఒప్పుకుని కేసు ముగించింది. ఆ హామీల్ని దగ్గరగా చూడాలి. హెచ్‌సీఈని పోటీ యాప్‌లకు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. వాడేవాడు కోరితే యాపిల్ పే బదులు ఇంకో యాప్‌ని ముందు వరసలో పెట్టుకోనివ్వాలి. పక్క బటన్ రెండుసార్లు నొక్కితే అదే తెరుచుకోవాలి, ఫేస్ ఐడీ దానికీ పనిచెయ్యాలి. ఇవన్నీ పదేళ్ళు అమల్లో ఉండాలి. అదే ఏడాది డిసెంబరులో నార్వే కంపెనీ విప్స్ ఐఫోన్‌లో తన సొంత ట్యాప్‌ని మొదలుపెట్టింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. మిగతా దేశాల్లో యాపిల్ ఇస్తానన్నది వేరే ఏర్పాటు. సెక్యూర్ ఎలిమెంట్ కూడా ఇస్తుంది గానీ ఒప్పందం రాసుకోవాలి, రుసుము కట్టాలి.

మనం ఎక్కువగా చూడాల్సింది బ్రెజిల్‌ని. వాళ్ళ పిక్స్ మన యూపీఐకి తమ్ముడి లాంటిది, కేంద్ర బ్యాంకు నడుపుతుంది. 2025 ఫిబ్రవరి చివర్లో పిక్స్‌ని ట్యాప్‌తో కట్టే సదుపాయం మొదలైంది. అది ఆండ్రాయిడ్ ఫోన్ల మీదే మొదలైంది, ఐఫోన్ల మీద కాదు. రుసుముతో దొరికే తలుపుకీ, జనానికి దాదాపు ఉచితంగా నడిచే చెల్లింపుకీ పొసగదని అక్కడ కళ్ళెదుటే కనిపిస్తోంది.

ఇంతకీ తెరవాలా, వద్దా?

తెరవాలి. ఎవరికంటే, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్నవాళ్ళకీ, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పెట్టే పరీక్షలో నెగ్గినవాళ్ళకీ. పరీక్షకయ్యే ఖర్చు ఒక్కసారి తీసుకోవచ్చు, ప్రతి లావాదేవీ మీదా వాటా మాత్రం వద్దు. హెచ్‌సీఈ ఒక్కటే ఇస్తే మెట్రో పని కాదు కాబట్టి ప్రయాణ కార్డులకు సెక్యూర్ ఎలిమెంట్ కూడా ఇవ్వాలి, ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా. "మేం కష్టపడి కట్టుకున్నది ఊరికే ఎందుకివ్వాలి" అని కంపెనీ అనొచ్చు. ఆ కష్టం ఖరీదు ఫోన్ ధరలోనే కట్టేశాం. కెమెరాకి కూడా వాళ్ళు తక్కువేమీ కష్టపడలేదు.

ఎవరు చెయ్యగలరంటే, మన పోటీ కమిషన్. ఇండియాలో ఐఫోన్లు మొత్తం ఫోన్లలో పదో వంతు కూడా లేనప్పుడు ఆధిపత్యం ఎక్కడిది అన్న ప్రశ్న వస్తుంది. యాప్ స్టోర్ కేసులో 2021 డిసెంబరు 31న దర్యాప్తుకు ఆదేశించినప్పుడు కమిషన్ మార్కెట్‌ని "ఐఓఎస్ మీద యాప్ స్టోర్లు" అని గీసుకుంది. ఆ గీతలో యాపిల్ వాటా ఎంతో వేరే చెప్పాలా? ఇక్కడా అలాగే గీయొచ్చు. ఇలాంటి పెద్ద టెక్ కంపెనీలను కట్టడి చెయ్యడానికి ఉద్దేశించిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వచ్చింది, 2025 చివరికీ చట్టం కాలేదు.

ఒక్క హెచ్చరిక. యూపీఐలో ఐదింట నాలుగు వంతుల లావాదేవీలు ఫోన్‌పే, గూగుల్ పే చేతుల్లోనే ఉన్నాయి. ఏ యాప్‌కీ 30 శాతం మించకూడదని 2020 నవంబరులో పెట్టిన నియమం వాయిదాల మీద వాయిదాలతో 2026 చివరికి చేరింది. తెరిచిన తలుపులోంచి ముందు దూరేది ఎప్పుడూ పెద్దవాళ్ళే. కాబట్టి ఏ యాప్ ముందుండాలో ఎంచుకునే మాట ఫోన్ వాడేవాడిదే అయ్యేలా చూడకపోతే, ఒక తాళం పోయి రెండు తాళాలు వస్తాయి.

ఈలోగా మేం ఏం చెయ్యాలి?

మీవాణ్ణి కార్డే వాడమనండి. గేటు దగ్గర అదే వేగం, ఛార్జీలో రాయితీ కూడా ఉంది. ఇంట్లో ఇంకొకరికి ఫోన్ కొంటుంటే ఎన్‌ఎఫ్‌సీ ఉందో లేదో పెట్టె మీద చూడండి, చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాడనప్పుడు సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసుకోవచ్చు. కార్డుని ఫోన్ వెనక ఆనించమని ఎవరైనా ఫోన్ చేసి చెబితే, బ్యాంకు పేరు చెప్పినా సరే, ఆనించకండి. ఆనించేసి ఉంటే ముందు కార్డు బ్లాక్ చేయించి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.